క్లినికల్ పోస్టింగ్‌లో ఏ పద్ధతిలో రాయాలి, ఏ కోడ్ వేయాలి? నర్సింగ్ విద్యార్థులకు ఒక పోలిక

పోస్టింగ్ మొదటి వారంలో నేనొక నోట్ రాశాను: "డ్రెస్సింగ్ చేశాం. గాయం బాగుంది." ఇన్‌స్ట్రక్టర్ అది చదివి ఒక్క మాటే అడిగారు: "ఏ కాలు?" గంట క్రితం నా చేత్తోనే బ్యాండేజ్ చుట్టాను. అయినా చెప్పలేకపోయాను. ఆ రోజు నాకు టెన్షన్ పెట్టిన ఆ ప్రశ్ననే కోడింగ్ పుస్తకాలు (జబ్బులకు, సేవలకు కోడ్‌లు ఎలా వేయాలో చెప్పేవి) కూడా అడుగుతాయని చాలా కాలానికి గానీ తెలియలేదు. ఏ కాలు, ఎంత లోతు, ఎప్పటి నుంచి అని ప్రతి కోడ్ వెనకా ఇలాంటి ప్రశ్నలుంటాయి. జవాబు నోట్‌లో లేకపోతే కోడ్‌లోకీ రాదు.

విద్యార్థులు సాధారణంగా మూడు ప్రశ్నలను ఒకే ప్రశ్నగా కలిపేసి గందరగోళపడతారు. నోట్ ఏ పద్ధతిలో రాయాలన్నది ఒకటి. ఏ కోడ్‌లు వాడాలన్నది రెండోది. చూసిన కేసుల లెక్క ఎక్కడ ఉంచుకోవాలన్నది మూడోది. మీ వార్డులో ఒక పద్ధతి ఖాయంగా ఉంటే మొదటి ప్రశ్నకు జవాబు వాళ్లే ఇచ్చేశారు, అదే పాటించండి. కేర్ ప్లాన్, కేస్ స్టడీ, లాగ్‌బుక్, ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించే ప్రాక్టీస్ నోట్‌లు మాత్రం చాలావరకు మీ చేతిలో ఉంటాయి. ఈ పోలిక వాటి కోసం.

ఒకే సంఘటన, మూడు రాతలు

పద్ధతులను పేర్లతో పోల్చడం కంటే ఒకే పేషెంట్‌ని పెట్టుకుని చూడటం తేలిక. టైప్ 2 డయాబెటిస్ ఉన్న 58 ఏళ్ల పేషెంట్. కుడి పాదం పుండుకి డ్రెస్సింగ్ నడుస్తోంది. రాత్రి ఇన్సులిన్ తీసుకున్నారు గానీ భోజనం సగమే చేశారు. తెల్లవారుజామున షుగర్ పడిపోయింది.

కథనంగా రాస్తే, అంటే నెరేటివ్ నోట్‌లో, ఇలా ఉంటుంది:

"05:40. పేషెంట్ బెల్ కొట్టారు. 'ఒళ్లంతా వణుకుతోంది, కళ్లు తిరుగుతున్నాయి' అన్నారు. ఒళ్లు చెమటతో తడిసి ఉంది. స్పృహలో ఉన్నారు, పేరు, ఎక్కడున్నారో సరిగా చెప్పారు. గ్లూకోమీటర్‌లో 58 మి.గ్రా./డె.లీ. మింగగలుగుతున్నారని చూసుకుని 05:42కి 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాం. 05:45కి డ్యూటీ డాక్టర్‌కి తెలియజేశాం. 05:57కి మళ్లీ చూస్తే 84. వణుకు తగ్గింది, చెమట ఆగింది. రాత్రి భోజనం సగమే తిన్నానని పేషెంట్ చెప్పారు."

చదవడానికి హాయిగా ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది స్పష్టం. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాయాల్సి వచ్చే విద్యార్థికి మొదటి రెండు వారాలు ఇదే మంచిదని నా అభిప్రాయం. ఏ గడిలో ఏం పెట్టాలన్న బెంగ లేకుండా కళ్లు, చెవులు పనిచేస్తాయి. దీని లోపం మూడో రోజున బయటపడుతుంది. నోట్ పొడుగవుతుంది, ముఖ్యమైన ముక్క మధ్యలో ఎక్కడో దాక్కుంటుంది. షుగర్ సంగతి వెతకాలనుకున్న నైట్ సిస్టర్ మూడు పేజీలు తిప్పాలి. పైగా "పేషెంట్ సౌకర్యంగా ఉన్నారు" లాంటి ఊకదంపుడు వాక్యాలకు ఈ పద్ధతి తలుపులు బార్లా తెరుస్తుంది.

అదే సంగతి ఫోకస్ చార్టింగ్‌లో, అంటే అందరూ 'డార్' అని పిలిచే పద్ధతిలో, ఇలా వస్తుంది:

"ఫోకస్: హైపోగ్లైసీమియా. డేటా: 05:40, వణుకు, కళ్లు తిరగడం, ఒంటికి చెమట, స్పృహ ఉంది, షుగర్ 58. రాత్రి భోజనం సగమే. యాక్షన్: 05:42, 15 గ్రా. గ్లూకోజ్ నోటి ద్వారా. 05:45, డ్యూటీ డాక్టర్‌కి సమాచారం. రెస్పాన్స్: 05:57, షుగర్ 84, వణుకు తగ్గింది, చెమట లేదు."

నిడివి సగమైంది. దీనిలో నాకు బాగా నచ్చేది చివరి గడి. మందు ఇచ్చాం, డ్రెస్సింగ్ చేశాం, పొజిషన్ మార్చాం అని అందరూ రాస్తారు. తర్వాత ఏమైందో రాయడమే మరిచిపోతారు. నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకు స్కోర్ 7 నుంచి 3కి వచ్చిందా లేదా అన్నది లేకపోతే ఆ నోట్ సగం నోటే. డార్‌లో రెస్పాన్స్ గడి ఖాళీగా కనపడి వెక్కిరిస్తుంది, అందుకే మళ్లీ పేషెంట్ దగ్గరకు వెళ్తారు. ఫోకస్ అంటే జబ్బు పేరే కానక్కర్లేదు. 'నిద్ర పట్టకపోవడం', 'డిశ్చార్జ్ గురించి భయం', 'ఇంట్లో ఇన్సులిన్ వేసుకోవడం నేర్పడం' కూడా ఫోకస్‌లే. వార్డు పనికి దీనికి మించింది నాకు కనపడలేదు.

ఇక సోప్. వైద్య రికార్డును సమస్యల వారీగా అమర్చాలని లారెన్స్ వీడ్ అనే అమెరికన్ డాక్టర్ 1960లలో ప్రచారం చేసిన పద్ధతిలోంచి ఇది వచ్చింది. పేషెంట్ చెప్పింది, మనం చూసి కొలిచింది, దాన్నిబట్టి మన అంచనా, తర్వాతి ప్లాన్ అని నాలుగు మెట్లు. ఓపీలో, క్లినిక్‌లో, నర్స్ ప్రాక్టీషనర్ (పై చదువు చదివి, పేషెంట్‌ని చూసి చికిత్స నిర్ణయించే నర్సు) కోర్సులో ఇదే రాజు. ఎందుకంటే అక్కడ పేషెంట్ వస్తారు, చూస్తాం, నిర్ణయిస్తాం, పంపుతాం, అంతే. వార్డులో మాత్రం ఇబ్బంది పెడుతుంది. పై సంఘటనను సోప్‌లో పెట్టి చూడండి. గ్లూకోజ్ తాగించిన పదిహేను నిమిషాల తర్వాత వచ్చిన 84కి అందులో చోటు లేదు. ఈ లోటు పూడ్చడానికే చివర చేసిన పని, దాని ఫలితం చేర్చి సోపీ అని పొడిగించారు. అది పద్ధతిగా మంచిదే, కానీ ప్రతి చిన్న విషయానికీ ఆరు గడులు నింపాలంటే విద్యార్థి డ్యూటీ అంతా పేపర్ మీదే గడిచిపోతుంది. కేస్ స్టడీకి సోపీ వాడండి, రోజువారీ నోట్‌కి వద్దు.

సోప్‌లో విద్యార్థులు ఎక్కువగా జారేది అంచనా గడిలో. పేషెంట్ చెప్పిందే మళ్లీ రాస్తారు, లేదంటే డాక్టర్ పెట్టిన రోగనిర్ధారణను ఎత్తి రాస్తారు. అక్కడ రావాల్సింది మీ తర్కం: "రాత్రి ఇన్సులిన్ తర్వాత భోజనం తగ్గినందువల్ల షుగర్ పడిపోయి ఉండవచ్చు, ఇప్పుడు కోలుకున్నారు, ఉదయం డోస్‌కి ముందు మళ్లీ చూడాలి."

పీఐఈ అనే మరో పద్ధతి ఉంది: సమస్య, చేసిన పని, ఫలితం. డార్ అలవాటైతే ఇది ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది, విడిగా నేర్చుకోనక్కర్లేదు.

చార్టింగ్ బై ఎక్సెప్షన్ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. మామూలుగా ఉన్నవాటికి టిక్కు, తేడా ఉన్నవాటికే వివరణ అన్నది దాని సూత్రం. అనుభవమున్న స్టాఫ్‌కి అది ఎంతో సమయం మిగులుస్తుంది. విద్యార్థికి వద్దు. ఏది మామూలో ఇంకా తెలియని మనిషి 'మామూలే' అని టిక్కు పెడితే, చూసి పెట్టారా, చూడకుండా పెట్టారా అన్నది ఎవరికీ తెలియదు. ఊపిరి శబ్దాలు విన్నాక 'రెండు వైపులా స్పష్టం, కుడి కింది భాగంలో తగ్గాయి' అని రాసిన వాక్యం మీకు చెవిని నేర్పుతుంది. టిక్కు ఏమీ నేర్పదు. మీ వార్డులో ఎలక్ట్రానిక్ రికార్డు ఈ పద్ధతిలోనే ఉంటే దాన్ని నింపండి, కానీ రోజుకు ఒక పేషెంట్‌కైనా పూర్తి నోట్ విడిగా రాసి ఇన్‌స్ట్రక్టర్‌కి చూపించండి.

ఎస్‌బార్‌ని ఈ వరుసలో పెట్టకండి. అది డాక్టర్‌కి ఫోన్ చేసేటప్పుడు, డ్యూటీ అప్పగించేటప్పుడు మాట్లాడే క్రమం. చార్ట్‌కి బదులు కాదు.

కోడ్‌లు: మూడు కుటుంబాలు, మూడు పనులు

"నా లాగ్‌లో కోడ్ అడుగుతోంది, ఏది వేయాలి?" అన్న ప్రశ్నకు ముందు ఆ కోడ్ ఏం చెప్పాలో తేల్చుకోవాలి. పేషెంట్‌కి ఏ జబ్బు ఉందని చెప్పే కోడ్ ఒకటి. నర్సు ఏ సమస్య గుర్తించి ఏం చేసిందని చెప్పేది వేరు. ఏ సేవకు బిల్లు అవుతుందని చెప్పేది మరోటి.

జబ్బు కోడ్ అంటే ఐసీడీ, అంటే జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. పదో కూర్పును 1990లో ఆమోదించారు, పదకొండోది 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయినా పదో కూర్పు ఇంకా విస్తృతంగా వాడుకలో ఉంది. కొన్ని దేశాలు దానికి సొంత పొడిగింపులు చేసుకున్నాయి. అమెరికాలో 2015 అక్టోబరు 1 నుంచి నడుస్తున్న ఐసీడీ-10-సీఎం అలాంటిదే. కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్‌ని గుడ్డిగా దించకండి. మీ లాగ్ ఏ కూర్పుని అడుగుతోందో ముందు కనుక్కోండి. టైప్ 2 డయాబెటిస్ పదో కూర్పులో ఇ11, పదకొండో కూర్పులో 5ఏ11. రెండూ సరైనవే, కలిపితే మాత్రం తప్పు.

ఇప్పుడు మన పేషెంట్ పాదం దగ్గరకు వద్దాం. ఐసీడీ-10-సీఎంలో డయాబెటిస్ వల్ల వచ్చిన పాదపు పుండుకి ఇ11.621. అది సరిపోదు, పుండు ఎక్కడ, ఎంత లోతు అన్నదానికి ఎల్97 వరుసలో ఇంకో కోడ్ జతచేయాలి. మడమ, పాదం మధ్యభాగం కాకుండా పాదంలో మిగతా చోట్లయితే ఎల్97.5. తర్వాతి అంకె కాలు: కుడి 1, ఎడమ 2, చెప్పకపోతే 0. ఆఖరి అంకె లోతు: చర్మం వరకే అయితే 1, కొవ్వు పొర కనపడితే 2, కండరం చచ్చిపోతే 3, ఎముక చచ్చిపోతే 4, చెప్పకపోతే 9. "కుడి పాదం, బొటనవేలి మొదట్లో పుండు, కొవ్వు పొర కనపడుతోంది" అని రాస్తే ఎల్97.512 అవుతుంది. "గాయం బాగుంది" అని రాస్తే మిగిలేది ఎల్97.509. ఏ కాలో తెలియదు, ఎంత లోతో తెలియదు. నా మొదటి వారం నోట్‌కి కోడ్ అదే.

నర్సింగ్ విద్యార్థులకు ఎవరూ సరిగా చెప్పని ఒక విషయం ఇక్కడ ఉంది. రోగనిర్ధారణ డాక్టరో, చికిత్సకు బాధ్యత వహించే ప్రాక్టీషనరో చేయాలి, నర్సు నోట్ నుంచి కోడర్ (రికార్డు చదివి కోడ్‌లు వేసే ఉద్యోగి) దాన్ని తీసుకోకూడదు. కానీ అమెరికా కోడింగ్ మార్గదర్శకాల ప్రకారం బెడ్‌సోర్ స్టేజ్, ఇలాంటి పుండ్ల లోతు, బాడీ మాస్ ఇండెక్స్, కోమా స్కేల్ లాంటి కొన్ని వివరాలను నర్సు రాసినదాని నుంచే తీసుకోవచ్చు. జబ్బు పేరు డాక్టర్ రాస్తే చాలు, లోతు మనం రాసిందే లెక్కకు వస్తుంది. 'స్టేజ్ 2' అన్న రెండు మాటలు మానేస్తే ఎంత పోతుందో దీన్నిబట్టి ఊహించుకోండి.

అనుమానాల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. ఓపీలో ఛాతీ నొప్పితో వచ్చిన పేషెంట్‌కి గుండెపోటేమోనని పరీక్షలు రాశారు. విద్యార్థి లాగ్‌లో గుండెపోటు కోడ్ వేసేస్తాడు, కేసు పెద్దదిగా కనపడుతుంది కదా! ఐసీడీ-10-సీఎం ఓపీ నియమం ప్రకారం 'అనుమానం', 'ఉండవచ్చు' అన్నవాటికి కోడ్ వేయకూడదు. తేలేవరకు లక్షణానికే కోడ్: వివరం తెలియని ఛాతీ నొప్పి ఆర్07.9, వివరం తెలియని జ్వరం ఆర్50.9. లక్షణం కోడ్ వేస్తే చిన్నతనమేమీ కాదు. ఆ రోజు తెలిసింది అంతే.

రెండో కుటుంబం నర్సింగ్ భాష. 1973లో అమెరికాలో మొదలైన నర్సింగ్ డయాగ్నోసిస్ వర్గీకరణ నండాగా అందరికీ తెలిసిందే. దానికి జోడీగా నర్సు చేసే పనులకు ఎన్ఐసీ, ఆశించే ఫలితాలకు ఎన్ఓసీ ఉన్నాయి. తెల్లవారుజాము సంఘటనకు ఎన్ఐసీలో హైపోగ్లైసీమియా మేనేజ్‌మెంట్ 2130, ఎన్ఓసీలో బ్లడ్ గ్లూకోజ్ లెవెల్ 2300 సరిపోతాయి. అంతర్జాతీయ నర్సుల మండలి తయారుచేసిన ఐసీఎన్‌పీ ఇంకో దారి. అది ఇప్పుడు స్నోమెడ్ సీటీ అనే పెద్ద వైద్య పదజాలంతో కలిసి వస్తోంది కాబట్టి కంప్యూటర్ రికార్డులు నడిచే చోట దాని పేరు వింటారు.

చదువుకునే రోజుల్లో నండా, ఎన్ఐసీ, ఎన్ఓసీ మూడూ కలిపి వాడటమే మేలంటాను. కారణం కోడ్‌లు కాదు. సమస్య ఏమిటి, దేనివల్ల, ఏ ఆధారంతో అంటున్నావని నండా వాక్యం నిలదీస్తుంది. 'అక్యూట్ పెయిన్' అని రాసి ఊరుకోలేరు, శస్త్రచికిత్స గాయం వల్ల అనీ, పేషెంట్ 10కి 7 చెప్పారనీ, కదిలితే మొహం చిట్లిస్తున్నారనీ రాయాలి. కొత్త కూర్పుల్లో పేర్లు, అంకెలు మారుతుంటాయి, సీనియర్ల పాత కేర్ ప్లాన్‌లోంచి దించితే అక్కడ దొరికిపోతారు.

మూడో కుటుంబం సీపీటీ. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966 నుంచి ప్రచురిస్తున్న సేవల కోడ్‌లు. ఇది అమెరికా బిల్లింగ్ వ్యవహారం. అక్కడ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చేస్తున్నవాళ్లకు లాగ్‌లో ఇది అవసరం పడుతుంది, మిగతావాళ్లు వదిలేయవచ్చు. అవసరమున్నవాళ్లకు ఒక మాట: పాత పేషెంట్ ఓపీ విజిట్‌కి 99213 వేయాలా, 99214 వేయాలా అన్నది 2021 నుంచి నిర్ణయం ఎంత క్లిష్టమైందన్నదాని మీదో, ఆ రోజు పట్టిన మొత్తం సమయం మీదో ఆధారపడుతుంది. ఎన్ని అవయవ వ్యవస్థలు పరీక్షించారని లెక్కపెట్టే పాత నోట్స్ చదివి కంగారుపడకండి. ఇక్కడ సమయమంటే బిల్లు చేసే ప్రాక్టీషనర్ సమయం. మీరు పేషెంట్‌తో ముప్పావుగంట మాట్లాడినా అది ఆ లెక్కలోకి రాదు.

మరి ఎవరికి ఏది?

డిప్లొమా, డిగ్రీ విద్యార్థులు మొదట కథనంతో మొదలుపెట్టి, నెల తిరక్కముందే డార్‌కి మారండి. కేర్ ప్లాన్‌లో నండా వాక్యం రాయండి. ఐసీడీని చదవగలిగితే చాలు, గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ప్రాక్టీషనర్ విద్యార్థులకు సోప్, ఐసీడీ తప్పవు. వాళ్లు ముందు అంచనా గడి పూర్తిగా మాటల్లో రాసి, ఆ తర్వాతే కోడ్ వెతకాలి. డ్రాప్‌డౌన్‌లో మొదట కనపడిన కోడ్ నొక్కి, దానికి తగ్గట్టు నోట్ దిద్దేవాళ్లను చూశాను. అలా చేస్తే పేషెంట్ మెనూకి తగ్గట్టు మారిపోతాడు.

లాగ్: పుస్తకమా, యాప్‌నా?

కాలేజీ యాప్ ఇస్తే వాదన లేదు. ఇవ్వకపోతే నా ఓటు చిన్న చేతి పుస్తకానికి, సాయంత్రం ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి. ఫోన్‌లో టైప్ చేస్తే వేగంగానే ఉంటుంది, కానీ పేషెంట్ పక్కన ఫోన్ తీస్తే ఏం చేస్తున్నారో వాళ్లకు తెలియదు. కేస్ షీట్ ఫొటో తీసి ఇంట్లో చూసి రాసుకుందామన్న ఆలోచన మాత్రం అస్సలు వద్దు. ఒక్క ఫొటోలో పేరు, నంబరు, వార్డు అన్నీ వచ్చేస్తాయి. లాగ్‌లో పేరు, ఆస్పత్రి నంబరు, బెడ్ నంబరు వద్దు. వయసు '50ల్లో' అంటే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైన గడి మీ పాత్ర: చూశారా, సాయం చేశారా, పర్యవేక్షణలో స్వయంగా చేశారా. యాభై కాథెటరైజేషన్‌లు చూసి ఒక్కటీ చేయని లాగ్, పది చేసిన లాగ్ ఆ గడి లేకపోతే ఒకేలా కనపడతాయి. అదే రోజు రాయండి. వారం చివర కూర్చుని రాస్తే అన్ని పేషెంట్‌లకూ బీపీ 120/80 వస్తుంది. ఇది అతిశయోక్తి కాదు, దిద్దినవాళ్లను అడగండి.

చార్ట్‌లో తప్పు రాస్తే వైట్నర్ వద్దు. ఒక గీత, కింద పాత మాట కనపడాలి, పక్కన తేదీ, సమయం, సంతకం. మరిచిపోయింది తర్వాత గుర్తొస్తే లేట్ ఎంట్రీ అని రాసి, ఇప్పటి సమయం, సంఘటన సమయం రెండూ ఇవ్వాలి.

"ఏ కాలు?" అన్న రోజు నేను చేసిందీ అదే. వార్డుకి తిరిగి వెళ్లి పేషెంట్‌ని చూశాను. కొత్త డ్రెస్సింగ్ విప్పకూడదు కాబట్టి విప్పలేదు. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా రాశాను: "లేట్ ఎంట్రీ, 11:20. 09:40కి చేసిన డ్రెస్సింగ్ గురించి: కుడి పాదం, బొటనవేలి మొదట్లో పుండు. కొలత తీసుకోలేదు. రేపటి డ్రెస్సింగ్‌లో పొడవు, వెడల్పు, లోతు కొలవాలి."